కిల్డోనన్ కాజిల్ ఓడ నుంచి గాంధీ రాందాసుకు రాసిన ఉత్తరం: మూడు రోజుల్లో ఒడ్డుకు చేరే మనిషి ఎందుకు రాసినట్టు?

బందరు పంతులమ్మ:

అందరికీ నమస్కారం. నేను కృష్ణా జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. గాంధీ జయంతికి మా ఏడో తరగతి పిల్లలు గోడపత్రిక తయారుచేస్తున్నారు. ఏటా వచ్చే అవే సూక్తులు, అదే చరఖా బొమ్మ కాకుండా, ఈసారి వాళ్ళ ఈడు పిల్లవాడికి గాంధీ స్వయంగా రాసిన ఉత్తరం ఒకటి పెడదామని వెతికాను. 1909 నవంబరు 27న కిల్డోనన్ కాజిల్ అనే ఓడలో ఉండగా మూడో కొడుకు రాందాసుకు రాసిన చిన్న ఉత్తరం దొరికింది. రాందాసుకు అప్పటికి పన్నెండేళ్ళు నిండాయి, పదమూడు ఇంకా రాలేదు. అంటే సరిగ్గా మా తరగతి వయసు.

ఉత్తరం సారాంశం ఇది. మిమ్మల్ని ఎప్పుడు కలుస్తానో తెలియదు కాబట్టి రాస్తున్నానని మొదలుపెడతాడు. నీకేమీ తేలేదని బాపు మీద కోపం పెట్టుకోవద్దంటాడు. నచ్చిన వస్తువంటూ ఒక్కటీ కనబడలేదని, యూరప్ వస్తువు ఏదీ మనసుకు పట్టకపోతే ఏం చేయనని, తనకు మన దేశపువన్నీ ఇష్టమని చెబుతాడు. అక్కడి మనుషులు మంచివాళ్ళే కానీ వాళ్ళ బతుకు తీరు మంచిది కాదని, ఆ సంగతి కలిసినప్పుడు వివరిస్తానని అంటాడు. తాను జైలుకు వెళ్తే దిగులుపడకుండా సంతోషించాలని, పెద్దకొడుకు హరిలాల్ ఉన్న చోటే తానూ ఉండాలని ముగిస్తాడు.

నా సందేహాలు మూడు. ఆ ఓడ నవంబరు 30న కేప్‌టౌన్ చేరింది. మూడు రోజుల్లో నేల మీద కాలు పెట్టబోయే తండ్రి, ఇంటికి వెళ్ళి నోటితో చెప్పగలిగిన మాటను కాగితం మీద ఎందుకు పెట్టినట్టు? రెండో సందేహం, ఓడ మీద గాంధీ ఎడమచేత్తో రాశాడని మా ఉపాధ్యాయుల గదిలో ఒకరు అన్నారు. అది ఈ ఉత్తరం గురించేనా? మూడోది నా వృత్తికి సంబంధించినది. ఇంగ్లీషు పాఠం చూసి తెనిగిస్తున్నాను. కోపం పెట్టుకోవద్దు అన్న చోటా, జైలు సంగతి చెప్పిన చోటా నా తెలుగు ప్రభుత్వ ఉత్తర్వులా వస్తోంది. పెద్దలెవరైనా సరిదిద్దగలరా? గోడపత్రికకు "ఒక జాతీయ నాయకుడి ఉత్తరం" అని శీర్షిక అనుకున్నాం, అదైనా బాగుందో లేదో చెప్పండి.

తోకలేని పిట్ట:

పంతులమ్మగారూ, శీర్షిక దగ్గరే నాకు మొదటి అభ్యంతరం. 1909 నవంబరులో ఆ ఓడ ఎక్కిన మనిషి జాతీయ నాయకుడు కాడు. నలభై ఏళ్ళ బారిస్టరు, దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్ భారతీయుల తరఫున లండనుకు వెళ్ళి పని కాక తిరిగివస్తున్న రాయబారి. ఆయన స్వదేశానికి వచ్చి స్థిరపడింది 1915 జనవరిలో. ఆ తర్వాత వచ్చిన బిరుదులన్నీ కలిపి ఈ ఉత్తరం మీద కప్పితే, ఖాళీ చేతులతో ఇంటికి వస్తున్న ఆ తండ్రి పిల్లలకు కనిపించడు. "బాపు రాందాసుకు రాసిన ఉత్తరం" అంటే చాలు.

ఇక మొదటి సందేహం. మీరు పటం తీసి పిల్లల ముందు పరిస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. కస్తూర్బా, మణిలాల్, రాందాస్, దేవదాస్ ఉన్నది నటాల్‌లో, డర్బన్ దగ్గరి ఫీనిక్స్ ఆశ్రమంలో. ఓడ ఆగేది కేప్‌టౌన్‌లో. అక్కడ దిగి గాంధీ వెళ్ళవలసింది ఫీనిక్స్‌కు కాదు, జొహానెస్‌బర్గ్‌కు, అంటే పోరాటం నడుస్తున్న ట్రాన్స్‌వాల్‌కు. ఆసియావాసులు వేలిముద్రలిచ్చి పేర్లు నమోదు చేయించుకోవాలన్న 1907 నాటి చట్టాన్ని ధిక్కరించిన కారణంగా ఆయన అప్పటికే మూడుసార్లు జైలుకు వెళ్ళి వచ్చాడు. 1908 జనవరిలో ఒకసారి, అదే ఏడాది అక్టోబరులో ఒకసారి, 1909 ఫిబ్రవరిలో మరొకసారి. చివరి రెండుసార్లూ పట్టుకున్నది సరిహద్దు ఊరైన వోక్స్‌రస్ట్‌లోనే. మే నెలాఖరులో ప్రిటోరియా జైలు నుంచి విడుదలై, నెల తిరక్కుండా జూన్‌లో హాజీ హబీబ్‌తో కలిసి లండను ఓడ ఎక్కాడు. లండనులో నాలుగు నెలలు తిరిగినా, మద్రాసు మాజీ గవర్నరు లార్డ్ యాంప్టిల్ వంటివారు మధ్యవర్తిత్వం చేసినా, భారతీయులకు చట్టం ముందు సమానత్వం అన్న ఒక్క మాటకు ట్రాన్స్‌వాల్ మంత్రి స్మట్స్ ఒప్పుకోలేదు. అలాంటప్పుడు తిరిగి ట్రాన్స్‌వాల్‌లో అడుగుపెట్టడమంటే నాలుగోసారి అరెస్టుకు సిద్ధపడడమే. కాబట్టి "ఎప్పుడు కలుస్తానో తెలియదు" అన్నది ఉత్తరాల్లో అందరూ రాసే మర్యాదమాట కాదు, అక్షరాలా నిజం. తాను ఇల్లు చేరకపోయినా ఉత్తరం చేరాలని రాశాడు. తీరా డిసెంబరు 2న ఆయన జొహానెస్‌బర్గ్ చేరినప్పుడు ప్రభుత్వం పట్టుకోలేదు. అయితే ఆ సంగతి నవంబరు 27న ఓడలో కూర్చున్న మనిషికి తెలిసే వీలు లేదు కదా.

ఎడమచేతి సంగతి నిజమే కానీ, అది ఈ ఉత్తరానికి చెందినది కాదు. ఇదే ప్రయాణంలో, నవంబరు 13 నుంచి 22 వరకు పది రోజుల్లో, ఆయన గుజరాతీలో "హింద్ స్వరాజ్" రాశాడు. ఓడ కంపెనీ ప్రయాణికులకిచ్చే ఉత్తరాల కాగితాల మీద 270కి పైగా పుటలు. కుడిచెయ్యి నొప్పి పెట్టినప్పుడు ఎడమచేత్తో సాగించాడు, అలా రాసినవి సుమారు 40 పుటలు. ఆ రాతప్రతిని ఉన్నదున్నట్టు నవజీవన్ వారు 1923లో అచ్చువేశారు కాబట్టి, చెయ్యి మారిన చోటును ఎవరైనా కంటితో చూడవచ్చు. కొట్టివేతలు అతి తక్కువ. తన చేతిరాత బాగుండదని ఆయనే ఆత్మకథలో వాపోయాడు. చిన్నప్పుడు రాతను నిర్లక్ష్యం చేయడం తప్పని, పిల్లలకు అక్షరాల కంటే ముందు బొమ్మలు గీయడం నేర్పాలని కూడా అన్నాడు. మీ గోడపత్రిక పిల్లలకు ఈ ముక్క నచ్చుతుందనుకుంటాను.

అయితే నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది తేదీల వరుస. 22న పుస్తకం ముగిసింది. 24న మణిలాల్‌కు, ఫీనిక్స్ బాధ్యత చూస్తున్న మగన్‌లాల్‌కు ఉత్తరాలు రాశాడు. 27న రాందాసుకు. పుస్తకంలో ఇరవై అధ్యాయాల్లో రైళ్ళు, వకీళ్ళు, వైద్యులు, యంత్రాలు అంటూ వాదించిన విషయమే, అయిదు రోజుల తర్వాత పన్నెండేళ్ళ పిల్లవాడి దగ్గరకు వచ్చేసరికి "నీకేమీ తేలేదు, అలగకు" అన్న మాటగా మారింది. మనుషులు మంచివాళ్ళు, బతుకు తీరు మంచిది కాదు అన్న ఆ ఒక్క వాక్యం పుస్తకం మొత్తానికి పిల్లల పాఠం. ఊరెళ్ళిన నాన్న వాకిట్లో అడుగుపెడితే పిల్లలు ముందు మొహం చూడరు, సంచీ చూస్తారు. ఈయన సంచీలో ఉన్నదల్లా పుస్తకం రాసిన ఆ కాగితాల కట్ట. అది పిల్లవాడికి చూపించేది కాదు కనుక, సంచీ ఎందుకు ఖాళీగా ఉందో ముందుగానే చెప్పుకున్నాడు.

మీ మూడో సందేహానికి జవాబు నాకు తెలియకుండానే పైన రాసేశాను, చూసుకోండి.

ఇంజన్ గది నుంచి:

నేను చరిత్ర చదివినవాణ్ణి కాను. విశాఖపట్నంలో చదువుకుని, వాణిజ్య నౌకల్లో ఇరవై ఆరేళ్ళు ఇంజన్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. పిట్టగారు చెప్పిన కారణం సరైనదే కానీ, సముద్రం మీద ఉత్తరం రాయడం ఎలా ఉంటుందో తెలిసినవాడిగా ఇంకో రెండు మాటలు కలుపుతాను.

మా కాలంలో కూడా ఉత్తరాలు రాయడానికి ఒక వేళ ఉండేది, అది రేవు చేరడానికి రెండు మూడు రోజుల ముందు. ఓడ బయల్దేరిన తొలి రోజుల్లో రాసినా ప్రయోజనం ఉండదు, అది సొరుగులో పడి ఉంటుంది. రేవు చేరగానే ఏజెంటు ఓడ మీదికి వస్తాడు. మా ఇళ్ళ నుంచి వచ్చిన ఉత్తరాల కట్ట ఇచ్చి, మేం రాసినవి పట్టుకెళ్తాడు. ఆయన వచ్చేసరికి కవరు అంటించి సిద్ధంగా ఉండాలి, ఎందుకంటే రేవులో ఉన్నంతసేపూ మాకు ఊపిరాడని పని. అందుకని ఆఖరి రెండు రాత్రులూ ఓడలో ఏ గదిలో చూసినా ఎవరో ఒకరు వంగి రాస్తూ కనిపించేవారు. ఒకసారి నేను పది రోజుల ముందు ఉత్సాహపడి రాసి పెట్టుకున్న ఉత్తరంలో మా ఆవిడకు ఒంట్లో బాగుందని రాశాను, రేవు చేరేనాటికి నాకు జ్వరం తగిలి మంచాన ఉన్నాను. ఉత్తరం మాత్రం బాగుందనే చెప్పింది. అప్పటి నుంచి ఆఖరి రోజుల్లోనే రాసేవాణ్ణి.

కిల్డోనన్ కాజిల్ యూనియన్ కాజిల్ కంపెనీ వారిది, 1899లో గ్లాస్గో దగ్గర తయారైన ఆవిరి ఓడ, ప్రభుత్వ టపా మోసే ఓడ. ఆ కంపెనీ ఓడల ఒడలు లేత ఊదా రంగు, పొగగొట్టాలు ఎరుపు, పైన నల్లటి పట్టీ. పిల్లలు బొమ్మ వేస్తే ఈ రంగులే వేయించండి. సౌతాంప్టన్ నుంచి కేప్‌టౌన్‌కు సుమారు 6,000 నాటికల్ మైళ్ళు, పదిహేడు రోజుల ప్రయాణం. అంటే రోజుకు 350 మైళ్ళు, గంటకు పదిహేను మైళ్ళ లోపు. ఆ రోజుల్లో అది మంచి వేగమే. గాంధీ రాసిన ఉత్తరం ఆయన కంటే వేగంగా వెళ్ళే మార్గం లేదు. అదీ ఆయనా ఒకే ఓడలో కేప్‌టౌన్ దాకా వచ్చి, రేవులో విడిపోయి, ఉత్తరం నటాల్ వైపు, మనిషి ట్రాన్స్‌వాల్ వైపు వెళ్ళి ఉంటారు.

ఇంకొకటి. 27వ తేదీకి ఓడ భూమధ్యరేఖ దాటి చాలా కిందికి వచ్చేసి ఉంటుంది. ఆ నీళ్ళలో నేను చాలాసార్లు తిరిగాను. ఎక్కడో దక్షిణాన పుట్టిన తుఫానుల అలలు నైరుతి నుంచి పొడుగ్గా వస్తుంటాయి. గాలి లేకపోయినా ఓడ ఒక పక్కకు వాలి, కాసేపు ఆలోచించుకుని, రెండో పక్కకు వాలుతుంది. ఓడల్లో రాతబల్లలకు అంచుల వెంట చిన్న గట్టు ఉండేది అందుకే, లేకపోతే సిరాబుడ్డి ఒళ్ళో పడుతుంది. ఒక చేత్తో కాగితం, మోచేత్తో బల్ల పట్టుకుని రాయాలి. వాక్యాలు పొట్టిగా వస్తాయి. ఆ ఉత్తరంలో వాక్యాలు పొట్టిగా ఉన్నాయని మీరు చెప్పకపోయినా, సారాంశం చదివితేనే నాకు తెలిసింది. అలాంటి చోట రోజుకు ఇరవై ఏడు పుటల లెక్కన పది రోజులు రాయడమంటే, చెయ్యి మార్చుకున్నాడంటే నాకేమీ ఆశ్చర్యం లేదు.

వేపచెట్టు కింద:

అందరూ ఉత్తరాన్ని ముద్దుచేస్తున్నారు కాబట్టి, నచ్చని మాట ఒకటి చెప్పే పని నేను తీసుకుంటాను. తండ్రి ఆర్నెల్లుగా కనబడని పన్నెండేళ్ళ పిల్లవాడికి, నేను జైలుకు వెళ్తే ఏడవకు, సంతోషించు అని రాయడం నాకు కఠినంగా అనిపిస్తుంది. పైగా అన్నయ్య ఉన్న చోటే నేనూ ఉండాలి అనడంలో, రేపు నువ్వూ అక్కడికే రావాలన్న అర్థం దాగి ఉంది. హరిలాల్ సంగతి మనకు తెలుసు. ఆ అన్నయ్య ఇరవై ఒక్క ఏళ్ళకే పలుమార్లు జైలుకు వెళ్ళాడు, సమాజం ఆయన్ని చిన్న గాంధీ అని మెచ్చుకుంది. అయినా చదువు విషయంలో తండ్రితో పొసగక 1911లో ఇల్లు విడిచి వచ్చేశాడు. ఇంగ్లండులో చదివించడానికి గాంధీ స్నేహితుడు ప్రాణజీవన్ మెహతా ఇస్తానన్న సాయాన్ని గాంధీ సొంత కొడుక్కు కాకుండా ఇతరులకు ఇప్పించాడన్న నొప్పి హరిలాల్‌ను జీవితాంతం విడవలేదు. ఈ ఉత్తరాన్ని పిల్లల ముందు పెట్టేటప్పుడు, నాన్న మంచి ఉత్తరం రాశాడు అని మాత్రమే చెప్పి వదిలేస్తే అది సగం పాఠమే అవుతుంది పంతులమ్మగారూ.

బొమ్మ కొనకపోవడం కూడా నాకు అంత సులభంగా మింగుడు పడలేదు. లండనులో ఆయన బస చేసింది పార్లమెంటు పక్కనే ఉన్న వెస్ట్‌మిన్‌స్టర్ ప్యాలెస్ హోటలు. రాయబారం కోసం అది అవసరమే అనుకుందాం, దొరలు వచ్చి కలవాలంటే అలాంటి చోటే ఉండాలి. కానీ నాలుగు నెలలు ఆ నగరంలో ఉండి ఒక పిల్లవాడికి ఇవ్వదగ్గది ఒక్క పెన్సిలైనా కనబడలేదంటే, అది కనబడకపోవడం కాదు, చూడదలచుకోకపోవడం.

తోకలేని పిట్ట:

వేపచెట్టుగారి మాటను తోసిపుచ్చను. చూడదలచుకోలేదు అన్నది నిజమే, ఆ సంగతి గాంధీ దాచలేదు కూడా. తనకు నచ్చలేదని రాశాడే తప్ప, దొరకలేదని గానీ డబ్బు లేదని గానీ సాకు చెప్పలేదు. నా దృష్టిలో ఈ ఉత్తరం విలువంతా అక్కడే ఉంది. మనలో చాలామంది తండ్రులం అంగళ్ళు మూసేశారు అని చెప్పి తప్పించుకుంటాం.

జైలు మాట గురించి ఒక విషయం. ఇది ఆ ఇంట్లో మొదటిసారి వచ్చిన మాట కాదు. అదే ఏడాది మార్చిలో ప్రిటోరియా జైలు నుంచి మణిలాల్‌కు పొడుగాటి ఉత్తరం రాశాడు. ఖైదీకి నెలకొక ఉత్తరమే రాసే వీలున్నందున, ఆ నెల వంతు మణిలాల్‌కే ఎందుకు వచ్చిందో కూడా వివరించాడు. ఆ తర్వాత జరిగిన కథ ఇది. 1910 జనవరిలో మణిలాల్ జైలుకు వెళ్ళాడు. 1913 సెప్టెంబరులో ఫీనిక్స్ నుంచి పదహారుమంది అనుమతి లేకుండా ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటి పట్టుబడి మూడేసి నెలల కఠినశిక్ష అనుభవించారు. వారిలో కస్తూర్బా ఉంది, పదహారేళ్ళ రాందాస్ ఉన్నాడు. ఓడ ఉత్తరం అందుకున్న పిల్లవాడు నాలుగేళ్ళు తిరక్కుండా అదే తోవలో నడిచాడు. దీన్ని ప్రేమ అనాలో, బలవంతం అనాలో మీ ఇష్టం. వేపచెట్టుగారి అనుమానం నిరాధారం మాత్రం కాదు.

డర్బన్ రాజమండ్రి:

ఉద్యోగరీత్యా తొమ్మిదేళ్ళుగా డర్బన్‌లో ఉంటున్నాను. ఫీనిక్స్‌కు ఒకటికి నాలుగుసార్లు వెళ్ళాను కాబట్టి, ఉత్తరం చేరిన చోటు ఎలా ఉంటుందో చెప్పగలను. గాంధీ 1904లో కొన్న ఆ నూరెకరాలు డర్బన్ నుంచి పద్నాలుగు మైళ్ళ దూరంలో, ఇనాండా కొండల మధ్య ఉన్నాయి. అప్పట్లో రేకులతో కట్టిన ఇళ్ళు, "ఇండియన్ ఒపీనియన్" పత్రిక అచ్చువేసే ముద్రణాలయం, చుట్టూ గడ్డి, పాములు. ఇప్పుడు చుట్టూ కిక్కిరిసిన బస్తీ. గాంధీ కుటుంబం ఉన్న ఇల్లు 1985 ఆగస్టు అల్లర్లలో కాలిపోయింది, దాన్ని తిరిగి కట్టి 2000లో తెరిచారు. లోపల నిలబడితే గది ఎంత చిన్నదో తెలుస్తుంది. ఒకరికి వచ్చిన ఉత్తరం ఆ ఇంట్లో ఒకరే చదువుకునే వీలు లేదు. రాందాసు పేరుతో వచ్చినా తమ్ముడు దేవదాసు పక్కన చేరి చదివే ఉంటాడని నాకు అనిపిస్తుంది, వాడికీ ఏమీ రాలేదు కదా.

తెలుగువాళ్ళకు ఇక్కడ పట్టించుకోవలసిన విషయం ఇంకొకటి ఉంది. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలను తెచ్చి డర్బన్‌లో దించింది. అప్పటి నుంచి యాభై ఏళ్ళపాటు వచ్చిన కూలీల్లో గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు. వాళ్ళూ సముద్రం మీదే వచ్చారు. వాళ్ళలో ఎక్కువమందికి చదువు లేదు, ఓడలో రాతబల్ల లేదు, కంపెనీ వారు అచ్చువేసి ఇచ్చిన కాగితం లేదు. గాంధీ పత్రిక 1903లో ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళం నాలుగింటిలో మొదలైంది, తెలుగు పుటలు అప్పుడూ లేవు, తర్వాతా రాలేదు. వాళ్ళ మనవలు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని వారాంతపు బడుల్లో అక్షరాలు నేర్పడం మొదలుపెట్టారు. ఇక్కడ మా పొరుగున ఉన్న ఒక పెద్దావిడకు తెలుగు అక్షరం రాదు, కానీ వాళ్ళ ముత్తాత పాడిన రామకీర్తన తప్పు లేకుండా పాడుతుంది. ఆమెను చూసినప్పుడల్లా, ఆ తొలి ఓడల్లో వచ్చినవాళ్ళు ఇంటికి ఒక్క ఉత్తరం రాయగలిగి ఉంటే ఏం రాసేవారో అని అనుకుంటాను. ఇది మీ ప్రశ్నకు జవాబు కాదు, మన్నించండి, కానీ ఓడ, ఉత్తరం అనగానే ఇక్కడ ఉన్నవాడికి ఇదే ముందు గుర్తొస్తుంది.

ఇంజన్ గది నుంచి:

డర్బన్‌గారూ, మన్నించడం ఎందుకండీ, అది చెప్పవలసిన మాటే. మా తాత కాలంలో భీమిలి నుంచి, కళింగపట్నం నుంచి రంగూన్ వెళ్ళినవాళ్ళు కూడా ఇంటికి ఉత్తరాలు ఎవరి చేతనో రాయించేవారు. రాసేవాడు తన సొంత సంగతులు కూడా కలిపేసేవాడని మా నాయనమ్మ నవ్వుతూ చెప్పేది.

బందరు పంతులమ్మ:

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. శీర్షిక మార్చేశాం. ఓడ బొమ్మకు లేత ఊదా రంగు కోసం పిల్లలు తెలుపులో నీలం, ఎరుపు కలుపుతూ రెండు రోజులుగా తంటాలు పడుతున్నారు.

తెలుగు సంగతికి వస్తే, పిట్టగారి జవాబులో "అలగకు" అన్న మాట చూడగానే నా చిక్కు వీడిపోయింది. ఇంగ్లీషు పాఠంలో ఉన్న కోపం అన్న మాట పట్టుకుని నేను "కోపగించుకోవద్దు" అని రాశాను. కోపం ఎవరి మీదైనా రావచ్చు. అలక మనవాళ్ళ మీదే, అదీ తీరుస్తారని తెలిసినవాళ్ళ మీదే. పిల్లవాడు తండ్రి మీద చేసేది అలకే. అలాగే జైలు సంగతి దగ్గర "విచారపడవద్దు" అని రాసినదాన్ని "బెంగపెట్టుకోకు" అని మార్చాను. దూరాన ఉన్న మనిషి కోసం పిల్లలు పడేదాన్ని మన ఇళ్ళల్లో ఎవరూ విచారం అనరు. బతుకు తీరు అన్నదాన్ని "జీవన విధానం" చేద్దామని మా సహోపాధ్యాయురాలు అన్నారు కానీ, ఆ మాట వింటే పిల్లలకు సాంఘికశాస్త్రం పరీక్ష గుర్తొస్తుందని "తీరు" అనే ఉంచాను.

వేపచెట్టుగారి మాట కూడా వదల్లేదు. ఉత్తరం కింద, రాందాస్ 1913లో జైలుకు వెళ్ళిన సంగతీ, హరిలాల్ 1911లో ఇల్లు విడిచిన సంగతీ రెండూ నాలుగు వాక్యాల్లో రాయించాను. మెచ్చుకోలు గానీ తప్పుపట్టడం గానీ కలపలేదు.

ఒక చిన్న సందేహం మిగిలింది. ఇంగ్లీషు పాఠంలో పేరుకు ముందు పొట్టి గుర్తు ఒకటి ఉంది. అది చిరంజీవికి సంక్షిప్తమే కదా?

తోకలేని పిట్ట:

అవునమ్మా, చిరంజీవే. గుజరాతీ ఉత్తరాల్లోనూ మన ఉత్తరాల్లోనూ చిన్నవాళ్ళ పేరు ముందు పెట్టేది అదే. ఇంగ్లీషు అనువాదకులు దాన్ని తీసివేయకుండా ఉంచడం మన అదృష్టం. తెలుగులోకి వచ్చేటప్పటికి అది పుట్టింటికి వచ్చినట్టే, "చి॥ రాందాసుకు" అని రాసెయ్యండి. చివర "బాపు ఆశీస్సులు" అంటే సరిపోతుంది. వీలైతే ఇంగ్లీషుతో ఆగకుండా గుజరాతీ మూలం కూడా గుజరాతీ తెలిసినవారి చేత ఒకసారి చదివించుకోండి, ఎందుకంటే మీ చేతిలో ఉన్నది కూడా అనువాదమే. వెతికేటప్పుడు సంపుటి సంఖ్యను నమ్ముకోకండి, గాంధీ సమగ్ర రచనల తొలి ముద్రణకూ తర్వాత వచ్చిన సవరించిన ముద్రణకూ సంఖ్యలు కుదరవు. తేదీ పట్టుకుని వెతికితే దొరుకుతుంది.

బందరు పంతులమ్మ:

"చి॥ రాందాసుకు" అని రాయించాను. అందంగా రాసే పిల్ల ఒకతి చార్టు మీద మొదటి వరుస పూర్తిచేసింది. మధ్యాహ్నం తరగతికి వెళ్ళి గట్టిగా చదవమంటే, ముగ్గురు వరుసగా "చి పదకొండు రాందాసుకు" అని చదివారు. ఒకడు పదకొండు అంటే వరుస సంఖ్యా టీచర్, మిగతా పది ఉత్తరాలు ఏవి అని అడిగాడు. వాళ్ళ ఇళ్ళల్లో ఉత్తరం రాక ఎన్నేళ్ళయిందో నాకు అప్పుడు తట్టింది. రేపు ఆ రెండు గీతల సంగతి ముందు చెప్పి, తర్వాత ఓడ దగ్గరికి వెళ్తాను.